తిరుపతయ్య తీర్చిన పెనం

అమెరికాలో ముప్పై ఒక్క రాష్ట్రాల్లో మందుబిళ్లల యంత్రాలు బిగించిన చెయ్యి తిరుపతయ్యది. పల్నాటి పల్లెలో ఏడో తరగతి పరీక్షకు నలభై ముగ్గురు కూర్చుంటే మొట్టమొదట నిలిచిన పేరు అతనిది. తండ్రి కొలిమి దగ్గర తిత్తి ఆడిస్తూ ఎక్కాలు వల్లించాడు. గుంటూరు ఐటీఐలో ఫిట్టర్ సర్టిఫికెట్టు పుచ్చుకున్నాడు. హైదరాబాదు బాలానగర్లో మందుల ఫ్యాక్టరీలో పదేళ్లు రెంచీ పట్టి, 1988లో న్యూజెర్సీ రాష్ట్రం పిస్కాటవేలో దిగాడు. ఇంగ్లీషు అతనికి పుస్తకాల్లోంచి రాలేదు, నట్లూ బోల్టులతో పాటు వచ్చింది. అయితేనేం, గంటకు మూడు లక్షల బిళ్లలు కక్కే ప్రెస్సు పక్కన నిలబడి, లోపలున్న పంచ్‌లలో ఏది అరిగిందో చెవితో విని చెప్పేవాడు. పంచ్ అంటే మందు పొడిని నొక్కి బిళ్లగా అచ్చు వేసే ఉక్కు ముక్క. ఇల్లినాయిలో ఒక ఫ్యాక్టరీ మూడు రోజులు మూగబోతే పెద్ద డిగ్రీల వాళ్లంతా కాగితాలు తిరగేస్తూ కూర్చున్నారు. తిరుపతయ్య వెళ్లి పదకొండు నిమిషాల్లో నడిపించాడు. వాళ్లిచ్చిన ఇత్తడి పలక ఇప్పటికీ అతనింటి హాల్లో ఉంది. దాని పక్కనే తెలుగు సంఘం వాళ్లు శాలువా కప్పిన ఫోటో.

ఇన్ని గెలిచినవాడికి కూడా చెమట పట్టించిన పని 2008 వసంతంలో వచ్చింది. అది యంత్రం కాదు, తోటి మనిషి కడుపు.

ఆ మనిషి పేరు మెండెల్. అరవై మూడేళ్లు, తెల్ల గడ్డం, తలమీద ఎప్పుడూ చిన్న టోపీ. యంత్రానికి కరెంటు వైపు పని అంతా అతనిది. పదహారేళ్లుగా ఇద్దరూ ఒకే వ్యానులో ఊళ్లు తిరుగుతున్నారు. నట్టు తిరుపతయ్యది, తీగ మెండెల్‌ది అని కంపెనీలో సామెతలాగా అనుకునేవాళ్లు. మెండెల్ నిష్ఠగల యూదుడు. శుక్రవారం పొద్దు గూకితే వాళ్ల విశ్రాంతి దినం మొదలు, స్విచ్చి కూడా ముట్టడు. తిండి కోషర్ అయితేనే ముడతాడు. కోషర్ అంటే వాళ్ల మత నియమం ప్రకారం వండింది. ఏ జంతువు, ఎలా కోశారు, ఎవరు వండారు, మాంసమూ పాలూ ఒక గిన్నెలో కలిశాయా, అన్నీ చూస్తారు. తిరుపతయ్యదీ మాంసం, గుడ్డు ఎరగని విశ్వబ్రాహ్మణుల ఇల్లు. కాబట్టి పరాయి ఊళ్లలో ఇద్దరికీ ఆకలి సమానమే. తిరుపతయ్య బ్రెడ్డు, అరటిపండు, బంగాళాదుంప వేపుడు మీద బండి లాగేవాడు. మెండెల్ డబ్బా చేపలు, బిస్కట్ల మీద లాగేవాడు. చక్కెర జబ్బు ఉన్నవాడికి అది ఎన్నాళ్లు సాగుతుంది?

జనవరిలో పెన్సిల్వేనియాలో ఒక ఫ్యాక్టరీలో నాలుగు రోజుల పని పడింది. నాలుగో రోజు మెండెల్ పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకున్నాడు, తినడానికి బిస్కట్లు అయిపోయాయి, మధ్యాహ్నం చూద్దాంలే అనుకున్నాడు. పదకొండింటికి కరెంటు ప్యానెల్ ముందు కుప్పకూలాడు. తిరుపతయ్య తల ఒళ్లో పెట్టుకుని నారింజ రసం చెంచాతో పోస్తే పది నిమిషాలకు కళ్లు తెరిచాడు. ఆ పది నిమిషాలు తిరుపతయ్యకు పదేళ్లు. తన సంచిలో రెండు అరటిపళ్లున్నాయి ఆ పొద్దున. 'తిన్నావా' అని ఒక్క మాట అడగలేదు. తోటివాడు పస్తుంటే మెతుకు దిగని ఇంట్లో పుట్టి, ఈ పని చేశానే అని ఆ వారమంతా అతనికి ముద్ద సహించలేదు.

డాక్టరు ఉత్తరం రాశాడు. వేళకు వేడి భోజనం పడకపోతే ఈ మనిషిని ఊళ్లు తిప్పకూడదని. ఆ ఉత్తరం సర్వీస్ మేనేజరు సంహిత టేబుల్ మీదకు వచ్చింది. సంహిత న్యూజెర్సీలోనే పుట్టిన తెలుగు పిల్ల, ఇరవై తొమ్మిదేళ్లు, మాటలో అమెరికా యాస. మీటింగుల్లో తిరుపతయ్యను పేరు పెట్టి పిలిచేది, తలుపు వేశాక అంకుల్ అనేది.

"అంకుల్, లెటర్‌లో క్లియర్‌గా ఉంది. టైమ్‌కి హాట్ మీల్. ట్రావెల్‌లో అది అవదు. ఆయన్ని ఫీల్డ్ నుంచి తీసేయాలి."

"తీసేసి ఎక్కడ కూర్చోబెడతావమ్మా?"

"డెస్క్ జాబ్ లేదు కదా. ఎర్లీ రిటైర్‌మెంట్."

"ముప్పై ఏళ్లు నిండడానికి ఇంక పద్నాలుగు నెలలుంది. నిండకపోతే పెన్షన్లో మూడో వంతు ఎగిరిపోతుంది. అది తెలుసా నీకు?"

"తెలుసు అంకుల్. నాకూ బాధ ఉంది. కానీ ఆయన మళ్లీ పడితే?"

"పడడు. వేళకు వేడి తిండి నేను పెట్టిస్తా."

సంహిత నవ్వు ఆపుకోలేకపోయింది. "మీరా? కోషర్ ఫుడ్డా? అంకుల్, ఏ కేక్‌లో ఎగ్ ఉందో తెలుసుకోడానికే మీకు హాఫ్ అవర్ పడుతుంది!"

"అరగంట పట్టినా కనుక్కుంటాను కదా. అది చూడు."

ఆమె పెన్ను రెండుసార్లు తిప్పింది. "సరే. నార్త్ కరోలినా, క్యారీలో కొత్త ప్రెస్ ఉంది. టూ వీక్స్. ఆయన షుగర్ రీడింగ్స్ రోజూ నాకు పంపాలి. ఒక్క మీల్ మిస్ అయినా పేపర్స్ రెడీ చేస్తా. ప్రామిస్?"

"మాట," అన్నాడు తిరుపతయ్య.

ఏప్రిల్ మొదటి ఆదివారం ఎనిమిది గంటలు వ్యాన్ డ్రైవ్ చేసి క్యారీ చేరారు. మెండెల్ భార్య రిఫ్కా రెండు వారాలకీ వండి గడ్డకట్టించిన డబ్బాలు ఇవ్వబోయింది కానీ హోటల్ గది ఫ్రిజ్ చెప్పుల పెట్టెంత. కుక్కితే ఏడు పట్టాయి. ఏడు డబ్బాలు, ఏడు పూటలు. మంగళవారం రాత్రితో సరి. ఆ తర్వాత ఏం తినాలన్నది తిరుపతయ్య పని.

ఇంటర్నెట్లో ఒక పట్టీ దొరికింది. దాంట్లో మొదటి కోషర్ హోటల్‌కి ఆ సాయంత్రమే వెళ్లారు. అది మూతబడి ఎన్నాళ్లయిందో, ఆ చోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది.

"ఫోన్ వేయించి పెట్టమందామా?" అన్నాడు మెండెల్. అతనికి కడుపు కాలినా వేళాకోళం మాత్రం పోదు.

సోమవారం మధ్యాహ్నం రెండోది దొరికింది. అద్దం మీద 'కోషర్ స్టైల్' అని పెద్ద అక్షరాలు. తిరుపతయ్య బండి ఆపి విజయగర్వంతో తలుపు తీయబోయాడు. మెండెల్ అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు. గాజు పెట్టెలో గొడ్డు మాంసం ముక్కలు, వాటి మీద చీజు పొరలు.

"పద తిరూ. వీళ్లకు స్టైల్ ఒక్కటే కోషర్. వంట కాదు."

"మా బాలానగర్లో 'శుద్ధ శాకాహారం' అని బోర్డు పెట్టి లోపల ఆమ్లెట్లు వేసేవాడొకడుండేవాడు. వాడి చుట్టమే అయ్యుంటాడు," అన్నాడు తిరుపతయ్య. నవ్వుకున్నారు కానీ ఆ పట్టీలో ఇంక మూడో పేరు లేదు.

ఆ సాయంత్రం టైర్ల కొట్టు పక్కన 'దమయంతి టిఫిన్స్' అని తెలుగులో బోర్డు కనబడింది. గుడివాడ వైపు నుంచి వచ్చిన దమయంతి పన్నెండేళ్లుగా నడుపుతున్న టిఫిన్ హోటల్ అది. మాంసం, గుడ్డు గడప తొక్కని వంటిల్లు. తిరుపతయ్య అల్లప్పచ్చడితో పెసరట్టు తిన్నాడు. రెండోది కూడా తిన్నాడు. మూడోది పొట్లం కట్టించి గుండెల దగ్గర పెట్టుకుని హోటల్ గదికి పరుగెత్తుకొచ్చాడు.

"మాంసం లేదు. గుడ్డు లేదు. పెసలు, అల్లం, ఉల్లి, మిరప. ఇంతకన్నా కోషర్ ఏముంటుందయ్యా!"

మెండెల్ పొట్లం విప్పి కళ్లు మూసుకుని వాసన చూశాడు. మళ్లీ జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాడు.

"తిరూ, వాసన ప్రాణం తీస్తోంది. కానీ తినలేను. పొయ్యి ఎవరు వెలిగించారు? మావాడెవడైనా వెలిగించాలి. పెసల్లో పురుగు లేదని ఎవరు చూశారు? పురుగు తినడం మాకు పంది తిన్నంత. ఆ పెనం మీద ఇంకేమేం కాల్చారు?"

తిరుపతయ్యకు ముందు చుర్రుమంది. పొట్లం పట్టుకుని పెడితే పోలీసు ప్రశ్నలా! మొహం తిప్పుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. నిలబడగా నిలబడగా అతని బుర్రలో ఫిట్టర్ లేచి కూర్చున్నాడు. పంచ్ కొలత అంగుళంలో వెయ్యో వంతు తప్పకూడదని డ్రాయింగులో ఉంటే మనం అలుగుతామా? మైక్రోమీటరు తీసి కొలుస్తాం. ఇదీ డ్రాయింగే. మూడు కొలతలు అడిగాడు: పొయ్యి, పురుగు, పెనం. కొలతకు పని తేవడం తిరుపతయ్యకు రాదా?

పొట్లం బల్ల మీద పెట్టి, పక్క ఊరు రాలీలో ఉన్న యూదుల గురువుకు ఫోన్ చేశాడు. రబ్బీ అంటారు వాళ్లు. ఇరవై ఏళ్ల ఫీల్డు పనిలో ఎందరో మేనేజర్లను ఒప్పించిన గొంతు అది, పది నిమిషాల్లో రబ్బీ సరేనన్నాడు. మంగళవారం దమయంతి హోటల్‌కు సెలవు. ఆ పొద్దున తొమ్మిదింటికి వస్తానన్నాడు. ఇక మిగిలింది దమయంతి.

"ఏంటన్నయ్యగారూ," అందామె ఫోన్లో, "నా పొయ్యి ఇంకెవరో వచ్చి వెలిగించాలా? పన్నెండేళ్లుగా నా చేత్తో నేను వెలిగించుకుంటున్నా!"

"అగ్గిపుల్ల ఒక్కటే ఆయనదమ్మా. వంట నీదే."

"ఇంకా? నా పప్పులో పురుగు చూస్తాడా? నా పప్పులో! రమ్మనండి. కళ్లద్దాలు రెండు జతలు తెచ్చుకోమనండి!"

రబ్బీ ముప్పై దాటని కుర్రవాడు, ఎర్ర గడ్డం, చేతిలో టార్చిలైటు, తెల్ల పింగాణీ పళ్లెం. దమయంతి గుడివాడ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న వెదురు చేట తీసింది. బస్తాలోంచి పెసలు పోసి రెండుసార్లు ఎగరేసి చెరిగింది. పొల్లు, రాయి, పుచ్చు వేరు, గింజ వేరు. రబ్బీ నోరు తెరుచుకుని చూశాడు. పళ్లెంలో గుప్పెడు పోయించి, టార్చి వేసి, గింజ గింజా దొర్లించాడు. బస్తా అడుగు నుంచి ఇంకో గుప్పెడు. పావుగంట తర్వాత నడుం పట్టుకుని లేచాడు. ఒక్క పురుగు లేదు.

"ఏమన్నాడు?" అని దమయంతి తెలుగులో అడిగింది.

"నీ చేట తనకిస్తావా అంటున్నాడు," అన్నాడు తిరుపతయ్య. నిజంగానే అడిగాడు.

కరివేపాకు మొదటి నీళ్లలో రెండు నలుసులు తేలాయి. ఉప్పునీళ్లలో నానబెట్టి రెండోసారి, మూడోసారి కడిగి, ఆ నీళ్లు తెల్లగుడ్డలో వడకడితే గుడ్డ మల్లెపువ్వులా ఉంది. కారాలు, పొడులు అన్నీ దమయంతి గింజలు కొని వేయించి దంచుకున్నవే. దాంతో పొడి ప్యాకెట్ల గొడవే రాలేదు. ఇంగువ డబ్బా దగ్గర మాత్రం రబ్బీ తల అడ్డంగా ఊపాడు. దాంట్లో పిండి కలుపుతారు, అది కోషరని చెప్పే ముద్ర డబ్బా మీద లేదు.

"ఇంగువ లేని సాంబారు నా చేత్తో నేను పెట్టను," అంది దమయంతి.

"సాంబారు మానేద్దాం. పెసరట్టుకు అల్లప్పచ్చడే మొగుడు," అని తిరుపతయ్య తీర్పు చెప్పాడు. బెల్లం తగ్గించి వేయమని కూడా చెప్పాడు.

రెండు కొలతలు సరిపోయాయి. మూడోది పెనం. రబ్బీ దాని మీద చెయ్యి పెట్టి చూసి, పాత వంటల అంటు పోవాలంటే దీన్ని ఎర్రగా నిప్పులా కాల్చాలి అన్నాడు.

తిరుపతయ్య ఆ మాట తెలుగులో చెప్పేసరికి దమయంతి పెనానికీ రబ్బీకీ మధ్య వచ్చి నిలబడింది. "కాల్చడమా! పన్నెండేళ్ల పదును అది! కాలిస్తే పదునంతా పోయి, రేపటి నుంచి ఒక్క అట్టు లేస్తుందా? మీరు రెండు వారాలు తిని వెళ్లిపోతారు. నా గిరాకీ ఎవడు చూస్తాడు? ఇహ చాలు అన్నయ్యగారూ, దండం."

ఆమె మాటలో తప్పు లేదని తిరుపతయ్యకు తెలుసు. పదును పట్టిన పెనం అంటే అరిగి కుదిరిన పంచ్ లాంటిది. ఆవిడ కాదంటే మెండెల్ రేపటి నుంచి పస్తు. పస్తుంటే ఒక్క రీడింగు, ఒక్క కాగితం, అయిపోయింది ఉద్యోగం. మెండెల్ మాత్రం తలుపు దగ్గర టోపీ సర్దుకుంటూ, "పోనీలే తిరూ, ఆవిడ పెనం ఆవిడ ప్రాణం," అన్నాడు.

రబ్బీ నెమ్మదిగా అడిగాడు, ఈ పెనం మీద ఏమేం కాలుస్తారమ్మా అని.

"ఏముంటాయి, అట్లే. ఉల్లి అట్టు, మసాలా అట్టు, ఇక్కడ పుట్టిన పిల్లలు గోల పెడితే నాలుగేళ్ల నుంచి చీజ్ దోసె."

"ఆ చీజ్ ప్యాకెట్ చూపిస్తారా?"

దమయంతి ఫ్రిజ్‌లోంచి తెచ్చింది. రబ్బీ వెనకవైపు చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. ఈ రకం చీజుకు పాలు విరగ్గొట్టేది దూడ పొట్టలోంచి తీసిన రసంతో. అందుకే మేము ముట్టం, అన్నాడు.

తిరుపతయ్య ఆ అక్షరాలు రెండుసార్లు చదివాడు.  దమయంతికి తెలుగులో చెప్పాడు.

దమయంతి స్టూలు మీద కూలబడింది. "దూడ పొట్టా?" అంది. వేళ్లు మడిచి లెక్కపెట్టి, "నాలుగేళ్లు! గుమ్మం మీద ప్యూర్ వెజ్ అని రాయించి! శనివారం ఒంటిపూట ఉండే పెద్దవాళ్లకు కూడా ఆ పెనం మీదే పోశాను కదన్నయ్యా!" అని లేచింది. గుడ్డ తెచ్చింది. "పట్టండి అటువైపు."

ఇద్దరూ కలిసి ఆ పెనం మోసుకెళ్లి వెనక గుమ్మం బయట పెట్టారు. చీజ్ ప్యాకెట్లు ఏడూ చెత్తబుట్టలో పడ్డాయి. దమయంతి చేతులు కడుక్కుని, నడుం మీద చేతులు పెట్టుకుని, ఖాళీ పొయ్యి వైపు చూసింది. "సరే. శుద్ధి అయింది. రేపు ఆరింటికి దేని మీద పోయను? నా తల మీదా? కొట్లో దొరికే కొత్త పెనం పదును పట్టాలంటే పది రోజులు."

"నేను చేసిస్తాను," అన్నాడు తిరుపతయ్య.

"పెనమా? మీరు మందుబిళ్లల మిషన్ల మనిషి కదా!"

"కమ్మరి కొడుకునమ్మా. మా నాన్న చేతి పెనాలు ఇరవై ఊళ్లలో కాలేవి."

పన్నెండు కొట్టకముందే ఇనుము అమ్మే యార్డుకు వెళ్లి, అర అంగుళం మందం పలక మూడడుగుల పొడవు కోయించి తెచ్చాడు. ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఆ మధ్యాహ్నం తమ పని లేదు, అనుమతి అడిగితే ఇచ్చారు. అంచులు ఆకురాయితో అరగదీశాడు. ముతక గరుకు కాగితం నుంచి సన్నం దాకా వరసగా ఆరు రకాలు పట్టాడు. ఒక రకం గీతలు తూర్పు పడమరలు, తర్వాతి రకం ఉత్తర దక్షిణాలు. వెనక గీత పోతేనే ముందుకు, అదీ పంచ్‌లు నునుపు చేసే పద్ధతి. మెండెల్ పక్కన నిలబడి కాగితం తిప్పే మిషన్‌కు కరెంటు అందిస్తూ దుమ్ము తుడుస్తున్నాడు. వర్క్‌షాపు కుర్రాడొకడు మెరుగు పెట్టే పేస్టు డబ్బా తెచ్చి సాయం చేయబోయాడు.

"వద్దు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. దాంట్లో పశువుల కొవ్వు కలుస్తుందని ఇద్దరికీ తెలుసు. కుర్రాడు బెదిరి డబ్బా వెనక్కి తీసుకున్నాడు. దమయంతి ఇచ్చిన కొబ్బరినూనెతోనే రుద్దారు.

ఆఖరి కాగితం దగ్గర తిరుపతయ్య చెయ్యి ఆగింది.

"ఇంకా పట్టు. అద్దం తేలుతుంది," అన్నాడు మెండెల్.

"పంచ్ అద్దంలా ఉండాలి, పొడి అంటకూడదు కాబట్టి. పెనం అద్దం కాకూడదయ్యా. నూనె పట్టుకోవడానికి దానికి కాస్త గరుకుండాలి." మోచేతి వెనక చర్మం ఆనించి చూశాడు. అరచేతులు నలభై ఏళ్ల పనికి మొద్దుబారాయి, నునుపు చెప్పేది మోచెయ్యే. "చాలు."

కుంకుడు రసంతో కడిగి పొద్దు గూకకముందే దమయంతి పొయ్యి మీద ఎక్కించారు. మెండెల్ అగ్గిపుల్ల గీశాడు. దమయంతి పలచగా నూనె రాయడం, పొగ చిమ్మేదాకా కాల్చడం, చల్లార్చి మళ్లీ రాయడం, అలా ఎనిమిది తడవలు. వెండిలా ఉన్న ఇనుము రాగి రంగు తిరిగి, గోధుమ రంగై, చివరికి కాకి రెక్కలా నల్లబడింది. ఆ రాత్రి మెండెల్ ఏడో డబ్బా, ఆఖరిది, ఖాళీ చేశాడు.

బుధవారం పొద్దున్నే ఆరింటికి ముగ్గురూ పొయ్యి దగ్గర ఉన్నారు. మెండెల్ పొయ్యి వెలిగించాడు. ఆరున్నరకు సూది వేసుకోవాలి, వేసుకుంటే తినితీరాలి. దమయంతి గరిటెతో పిండి పోసి తిప్పింది. అట్టు అంచు లేచింది కానీ మధ్యలో చిరిగి ముద్దయింది.

"మొదటిది పెనానికి," అందామె. రెండోది పోసింది. అదీ అంటుకుంది. "ఇది దిష్టికి," అంది కానీ గొంతులో ధీమా లేదు.

ఆరూ ఇరవై. మెండెల్ సూది చేతిలో పట్టుకుని గోడ గడియారం చూశాడు. తిరుపతయ్య పెనం మీద నీళ్లు చిలకరించాడు. చుక్కలు కుడివైపు పూసల్లా పరుగెత్తాయి, ఎడమవైపు చచ్చినట్టు పడి ఆవిరయ్యాయి. అట్టు చిరిగింది ఎక్కడో చూశాడు. కుడివైపు వేడి మీరిపోతోంది. పలక మందం, ఎక్కిన వేడి తొందరగా దిగదు. దమయంతి పాత పెనానికి అలవాటైన మంట దీనికి ఎక్కువ.

"మంట సగానికి దించు. రెండు నిమిషాలు ఆగు. ఉల్లిగడ్డ సగం కోసి నూనెలో ముంచి ఇటివ్వు." ఇచ్చింది. పెనమంతా రుద్దాడు. మళ్లీ చిలకరించాడు. ఈసారి చుక్కలు నాలుగు మూలలా ఒకేలా ఆడాయి. "ఇప్పుడు పోయమ్మా!"

మూడో పెసరట్టు అంచు దానంతటదే లేచింది. దమయంతి అట్లకాడ పెట్టి తోస్తే పెనం మీద జారి అవతలి అంచుకు పోయింది. "అన్నయ్యా, జారింది!" అని చిన్నపిల్లలా అరిచింది. 

మెండెల్ సూది వేసుకున్నాడు, చేతులు కడుక్కున్నాడు, పెదాలతో వాళ్ల మంత్రం చెప్పుకున్నాడు, ముక్క తుంచి అల్లప్పచ్చడిలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది పచ్చడి కారమో ఇంకోటో అతను చెప్పలేదు. ఒక్క మాటే అన్నాడు, పదహారేళ్లలో తిరుపతయ్య దగ్గర నేర్చుకున్న తెలుగు మాట: "ఇంకోటి."

ఆ పూట నాలుగు తిన్నాడు.

అక్కణ్నుంచి మిగిలిన రోజులన్నీ అదే వరస. పొద్దున ఆరింటికి మెండెల్ పొయ్యి ముట్టించేవాడు. ఆ పొయ్యి పొద్దుగూకేదాకా ఆరకుండా దమయంతి చూసుకునేది. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, బీరకాయ కూర, రాత్రి జొన్నరొట్టె. శుక్రవారం పొద్దు గూకాక శనివారం పొద్దు గూకేదాకా రబ్బీ ఇంట్లో భోజనం. తిరుపతయ్య రోజూ రీడింగులు సంహితకు పంపాడు. మొదటి రోజు ఆమె జవాబు 'ఓకే'. ఐదో రోజుకు 'నైస్'. తొమ్మిదో రోజుకు 'అంకుల్, ఇది నా రీడింగ్ కన్నా బెటర్!'

ప్రెస్సు కూడా అనుకున్న రోజుకు ఒక రోజు ముందే బిగిసింది. గంటకు మూడు లక్షల ఇరవై వేల బిళ్లలు, ఒక్కటి పగల్లేదు. చూసుకోవడానికి రెండో గురువారం సంహిత విమానంలో వచ్చింది. మధ్యాహ్నం ముగ్గురూ దమయంతి టిఫిన్స్‌లో కూర్చున్నారు. కిటికీ దగ్గర బల్ల మీద తలమీద టోపీలున్న ఇద్దరు కొత్త మనుషులు పెసరట్లు తింటున్నారు. డల్లాస్ నుంచి కాన్ఫరెన్స్‌కు వచ్చారట, రబ్బీ పంపాడట.

"పేపర్స్ తెచ్చావా అమ్మా?" అని అడిగాడు తిరుపతయ్య.

"తెచ్చాను అంకుల్." సంహిత బ్యాగులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది. మెండెల్ తుంచిన ముక్క గాలిలో ఆగింది. ఆమె కవరును నిలువునా చింపి, ముక్కలు మళ్లీ బ్యాగులోనే వేసుకుంది. "పన్నెండు డేస్‌లో ఒక్క మీల్ మిస్ లేదు. నేను రాంగ్. జూన్‌లో రెడ్‌మండ్ దగ్గర ప్లాంట్ ఉంది, సియాటిల్ అవతల. ఇద్దరి పేర్లూ రాస్తున్నా. కానీ అక్కడ ఫుడ్ ఎలా?"

"నువ్వు టికెట్లు బుక్ చెయ్యి తల్లీ. పొయ్యి ఎవరు ముట్టించాలి, పప్పు ఎవరు చూడాలి, పెనం మీద ఏం కాల్చారు, అవి నేను ఫోన్లో కనుక్కుంటా."

"ఇదిగో పిల్లా," అని దమయంతి వంటింట్లోంచి కేకేసింది, "మాటలు తర్వాత, అట్టు చల్లారుతోంది! నువ్వు కూడా బిస్కట్ల మీదే బతికే రకంలా ఉన్నావు!"

తిరుపతయ్య మాట నిలబెట్టుకున్నాడు. రెడ్‌మండ్‌లో ఒక యూదుల బేకరీ వాళ్లను ఒప్పించి పొద్దున్నే వేడి సూపు పెట్టించాడు. కొలరాడోలో కోషర్ హోటల్ మధ్యాహ్నం మూడింటికే మూసేస్తే, ఫ్యాక్టరీ వాళ్ల భోజన విరామం గంట ముందుకు జరిపించాడు. టెక్సాస్‌లో గుళ్లో వంట చేసే వీరాంజనేయులు చేత గింజలు చెరిగించి, మెండెల్ చేత పొయ్యి వెలిగించాడు. ఎక్కడికెళ్లినా ముందు గోడమీద, ఇక్కడి వంట కోషరేనని రబ్బీ రాసిచ్చిన ఉత్తరం చూసేవాడు, దాంట్లో ఈ ఏటి తేదీ ఉందో లేదో చూసేవాడు, ఆ తర్వాతే మెండెల్‌ను బండి దిగనిచ్చేవాడు. యూదుల కుటుంబాలే ఏదైనా ఊరు వెళ్లాలంటే పిస్కాటవేలో ఒక తెలుగు ఫిట్టరుకు ఫోన్ చేసి, అక్కడ మంచి కోషర్ తిండి ఎక్కడ దొరుకుతుందండీ అని అడిగే రోజులొచ్చాయి.

2009 జూన్‌లో మెండెల్‌కు ముప్పై ఏళ్లు నిండాయి. పూర్తి పెన్షన్. కంపెనీ సభలో గాజు బహుమతి చేతికిచ్చి మాట్లాడమన్నారు. మెండెల్ గడ్డం సవరించుకుని, "కంపెనీ వాళ్లు నాకొక బాకీ ఉన్నారు," అన్నాడు.  "ఈ తిరూ పెట్టించిన తిండికి నా ప్యాంట్లు రెండు సైజులు పెరిగాయి. కొత్త ప్యాంట్లు కుట్టించాలి." అందరూ ఘొల్లుమన్నారు. రిఫ్కా మొదటి వరసలో లేచి నిలబడి తిరుపతయ్య వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. సంహిత లేచింది. ఒకరి తర్వాత ఒకరు హాలంతా లేచింది.

పద్నాలుగు నెలలు, తొమ్మిది ఊళ్లు. మెండెల్ ఒక్క పూట పస్తు లేడు.